ది అసెంట్ కొనాలా, ఇంకో ఆట చూడాలా? నలుగురు కలిసి ఆడే పై-చూపు షూటర్లలో మీ గ్యాంగ్‌కి ఏది నప్పుతుంది

మనుషులూ యంత్రాలూ కలిసిపోయిన సైబర్‌పంక్ నగరం, పై నుంచి చూసే కెమెరా, నలుగురు కలిసి ఆడే వీలు, శత్రువు పడితే రాలే లూట్, అంటే తుపాకులూ సామానూ. ఈ నాలుగూ ఒకే ఆటలో కావాలని అడిగితే గేమింగ్ తెలిసినవాళ్ళు ముందు చెప్పే పేరు ది అసెంట్. 2021 జూలై 29న ఎక్స్‌బాక్స్‌కి, పీసీకి విడుదలైంది. 2022 మార్చిలో ప్లేస్టేషన్‌కీ వచ్చింది. ఇన్నేళ్ళయినా దీని మీద ఆటగాళ్ళ మాట కలవలేదు. ఇలాంటి నగరం ఇంకే ఆటలోనూ చూడలేదని ఒకరు మురిసిపోతారు. అంత తిరిగినా చేతికి పనికొచ్చే కొత్త తుపాకీ దొరకలేదని ఇంకొకరు విసుక్కుంటారు.

నా లెక్కలో ఇద్దరి మాటా నిజమే. లూట్ కోసం వచ్చినవాళ్ళు నిరాశపడతారు, నగరం కోసం వచ్చినవాళ్ళు వదల్లేకపోతారు. కాబట్టి మీ గ్యాంగ్ దేని కోసం కూర్చుంటోందో ముందు తేల్చుకోవాలి. కొందరికి నిజంగానే ది అసెంట్ సరైనది. మిగతావాళ్ళకి దాని పక్కనే అంతకన్నా బాగా నప్పే ఆటలున్నాయి, వాటిలో ఒకటి పూర్తిగా ఉచితం కూడా.

నగరం కోసం, తుపాకీ కోసం అయితే

ది అసెంట్ చేసిన నియాన్ జెయింట్ స్వీడన్‌లోని ఉప్సాలాలో 2018లో మొదలైన చిన్న స్టూడియో. పెట్టినవాళ్ళు టోర్ ఫ్రిక్, ఆర్కేడ్ బెర్గ్. ఇద్దరూ అంతకుముందు పెద్ద షూటర్ల మీద పనిచేసి వచ్చినవాళ్ళు. ఆట విడుదలయ్యే నాటికి జట్టులో ఉన్నది సుమారు డజను మంది. ఆ సంగతి గుర్తుపెట్టుకుని ఆడితే ప్రతి వీధి మలుపు దగ్గరా ఆశ్చర్యమేస్తుంది. డీప్‌స్టింక్ అనే మురుగు సొరంగాల్లో ఆట మొదలవుతుంది. అక్కడి నుంచి పైకి, క్లస్టర్ 13లోకి వచ్చేసరికి కళ్ళు జిగేల్‌మంటాయి. నియాన్ బోర్డులు, తడిసిన నేల మీద వాటి రంగులు, తిండి దుకాణాల ముందు గుంపులు, ఒక వంతెన మీద మీరు, దాని కింద మళ్ళీ ఇంకో వీధి, ఆ కింద ఎక్కడో లోతుల్లో కదిలే వాహనాలు. పై-చూపు ఆటల్లో సాధారణంగా నేల మాత్రమే కనిపిస్తుంది. ఇందులో లోతు కనిపిస్తుంది. దీన్ని మెచ్చుకున్న వాళ్ళందరూ ముందు ఎత్తేది ఈ విషయమే, ఆ మెప్పు పూర్తిగా సబబు.

కథ వెలెస్ అనే గ్రహం మీద నడుస్తుంది. ఒక మహా భవన సముదాయాన్ని మొత్తం నడిపే అసెంట్ గ్రూప్ అనే కార్పొరేషన్ ఉన్నట్టుండి కుప్పకూలుతుంది. మీరు దానికి అప్పుపడి, ఒప్పందం మీద సంతకం పెట్టి అక్కడికి వచ్చిన కూలీ. ఇలాంటి వాళ్ళని ఆటలో ఇండెంట్లు అంటారు. మన తీరం నుంచి ఓడలెక్కి నటాల్‌కీ, మారిషస్‌కీ, ఫిజీకీ వెళ్ళిన ఒప్పంద కూలీల చరిత్ర కాస్త తెలిసినవాళ్ళకి ఈ ఏర్పాటు గుండెకి దగ్గరగా తగులుతుంది. యజమాని లేకుండా పోతే అప్పు ఎవరిది, మనిషి ఎవరి సొత్తు అనే ప్రశ్నతో ఆట మొదలవుతుంది. ఆ ప్రశ్నని చివరిదాకా మోయలేకపోయింది, అదే నా బాధ. మధ్యకొచ్చేసరికి ఒక బాస్ చెప్పిన పని, తర్వాత ఇంకో బాస్ చెప్పిన పని, వెళ్ళు, కాల్చు, తీసుకురా. ముగింపు కూడా తొందరగా తేల్చేసినట్టుంటుంది. కథ ఒక్కటే మీకు ముఖ్యమైతే ఇది మీ ఆట కాదు.

తుపాకీ పేల్చడం మాత్రం కథకన్నా ఎన్నో మెట్లు పైన ఉంటుంది. కంట్రోలర్ మీద ఎడమ ట్రిగ్గర్ నొక్కితే మీ పాత్ర తుపాకీని భుజం ఎత్తుకి లేపుతుంది. వదిలేస్తే నడుము దగ్గర నుంచే కాలుస్తుంది. చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ ఆట మొత్తం దీని మీదే నిలబడింది. ఒక గోడ చాటున వంగి కూర్చుని ట్రిగ్గర్ పట్టుకుంటే గోడ మీదుగా గుళ్ళు వెళ్తాయి, మీ ఒళ్ళు మాత్రం గోడ వెనకే ఉంటుంది. ఎత్తి కాల్చిన గుళ్ళు ఎదుటి మనిషిని తూలిపోయేలా చేస్తాయి. అదే, కాళ్ళ దగ్గరికి గుంపుగా పరిగెత్తుకొచ్చే పొట్టి జీవుల మీద ఎత్తి కాలిస్తే గుళ్ళన్నీ వాటి తలల మీదుగా పోతాయి. డీప్‌స్టింక్‌లో కొత్తవాళ్ళు చచ్చేది ఎక్కువగా ఇక్కడే. గన్ బలంగా లేదని అనుకుంటారు, చెయ్యాల్సిందల్లా ట్రిగ్గర్ వదిలెయ్యడం. దూరంగా గోడ వెనక తుపాకీ వాడు, దగ్గరగా గుంపు, రెండూ ఒకేసారి వచ్చినప్పుడు వేలు ఎప్పుడు నొక్కాలి, ఎప్పుడు వదలాలి అన్నదే అసలు నైపుణ్యం. ఇలాంటి మెళకువ ఈ రకం ఆటల్లో చాలా అరుదు.

గుళ్ళకి లోటుండదు, రీలోడ్ చేసుకుంటే చాలు. వాటి మీద శరీరంలో బిగించుకునే ఆగ్మెంటేషన్లు ఉంటాయి. హైడ్రాలిక్ స్లామ్ అనే గుద్దు ఒకటి చాలామందికి ఇష్టం, దగ్గరికొచ్చినవాణ్ణి తునకలు చేస్తుంది. స్టాసిస్ స్టాంప్‌తో నేల మీద తన్నితే ముందున్నవాళ్ళు గాల్లో తేలిపోతారు. ఇద్దరు మాట్లాడుకుంటూ ఆడితే ఒకరు గాల్లోకి లేపడం, ఇంకొకరు కాల్చడం భలే కుదురుతుంది. కో-ఆప్, అంటే కలిసి ఆడటం, నిజంగా పండేది ఇలాంటి చోట్లే.

ఎంతమంది అన్నదానికి నా సలహా ఇద్దరు, మహా అయితే ముగ్గురు. నలుగురు చేరితే శత్రువులూ పెరుగుతారు, పేలుళ్ళూ పెరుగుతాయి. ఆ వెలుగుల్లో మీ పాత్ర ఎక్కడుందో మీకే కనిపించదు. ఒకే టీవీ ముందు కూర్చుని ఆడేటప్పుడు ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే తెర అందరికీ ఒకటే. ఒకడు లూట్ పెట్టె కోసం పక్కకి పరిగెడితే మిగతావాళ్ళు అంచుల్లో ఇరుక్కుంటారు.

తిట్టేవాళ్ళు ఏమంటారు, అందులో ఎంత నిజం

మొదటిది లూట్. ఇందులో ఒక పేరున్న తుపాకీ ఎవరికి దొరికినా, ఎక్కడ దొరికినా ఒకటే. బలం చెప్పే అంకెలు మారవు, అరుదైన రకం అంటూ ఉండదు. రెండోసారి అదే దొరికితే దుకాణంలో అమ్ముకోవడమే. తుపాకీ బలం పెరిగేది గన్‌స్మిత్ దగ్గర. వెతికి తెచ్చిన భాగాలు ఇచ్చి ఒక్కో మెట్టు పెంచుకోవాలి. ఆ భాగాల్లో మేలు రకం చాలా తక్కువగా దొరుకుతుంది. కొన్ని పెట్టెలు తెరవాలంటే సైబర్‌డెక్ అనే హ్యాకింగ్ పరికరం స్థాయి కూడా సరిపోవాలి. అంటే ఈ ఆట మీకు ఇచ్చేది వెతుకులాట. లాటరీ కాదు. ప్రతి శవం దగ్గరా గుండె కొట్టుకోవాలి, తుపాకీ ఎంత అరుదో చెప్పే రంగు చూసి అరవాలి అనుకునే గ్యాంగ్‌కి ఇది చప్పగా ఉంటుంది, వాళ్ళ ఫిర్యాదులో తప్పేమీ లేదు. నాకు మాత్రం నచ్చింది. సంచి నిండా ఒకే తుపాకీ పదిహేను రకాలు పెట్టుకుని అంకెలు పోల్చుకునే పని తప్పింది. ఒకటి రెండు తుపాకులు ఎంచుకుని భాగాలన్నీ వాటికే పెడితే ఆట హాయిగా సాగుతుంది. అన్ని తుపాకులకీ తలా కొంచెం పంచితే సగం దాటాక ఏదీ పని చెయ్యదు. మనుషుల మీద బాగా పనిచేసేది ఒకటి, రోబోల మీద బాగా పనిచేసేది ఒకటి ఉంచుకుంటే చాలు.

రెండోది నడక. ఈ ఫిర్యాదు దగ్గర ఆటని వెనకేసుకు రావడం నా వల్ల కాదు. నగరం అంతస్తులుగా ఉంటుంది, మ్యాప్ చూస్తే ఏది ఏ అంతస్తో ఒక పట్టాన అర్థం కాదు. సైడ్ మిషన్లు నగరం ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పుతాయి. మెట్రో, టాక్సీ ఉన్నా రెండింటికీ మధ్య పడే నడకలో చంపేసిన గుంపులే మళ్ళీ పుట్టుకొస్తాయి. పైగా ఒక వీధి మీ స్థాయిలో ఉంటే దాని పక్క సందు మీకన్నా ఎన్నో స్థాయిలు పైన ఉండొచ్చు. శత్రువు మీద పుర్రె గుర్తు కనిపిస్తే మొండికెయ్యకుండా వెనక్కి రావాలి. దీనికి ఒకటే మందు, మిషన్లని ప్రాంతాలవారీగా పోగుచేసి ఒక్క తిరుగుడులో ముగించడం. కథ ఎటు తీసుకెళ్తే అటు వెళ్తూ, దారిలో పడ్డవి మాత్రమే చేస్తే సుమారు 12 నుంచి 15 గంటల్లో ఆట అయిపోతుంది, విసుగు పుట్టే లోపే.

మూడోది సాంకేతిక లోపాలు. విడుదలైన కొత్తలో కో-ఆప్ తెగిపోవడం, మిషన్లు ఆగిపోవడం, డైరెక్ట్‌ఎక్స్ 12 అనే గ్రాఫిక్స్ పద్ధతిలో ఆట ఆగి ఆగి నడవడం మీద గట్టిగానే గోల జరిగింది. మైక్రోసాఫ్ట్ చందా సేవ గేమ్ పాస్ ద్వారా వచ్చిన పీసీ వెర్షన్‌లో మొదట్లో వెలుగునీడల్ని నిజంలా చూపే రే ట్రేసింగ్, ఆటని వేగంగా నడిపే డీఎల్ఎస్ఎస్ లేకపోవడం ఆ కోపానికి ఆజ్యం పోసింది. తర్వాత వరసగా ప్యాచ్‌లు వచ్చాయి, ముగించాక అదే పాత్రతో మళ్ళీ మొదలుపెట్టే న్యూ గేమ్ ప్లస్ చేరింది, 2022 ఆగస్టులో వచ్చిన సైబర్ హైస్ట్ అనే అదనపు భాగంతో కత్తులు, గదలు లాంటి చేతి ఆయుధాలూ వచ్చాయి. కాబట్టి 2021లో రాసిన అభిప్రాయాలు చదివేటప్పుడు తేదీ చూడండి. టీవీకి దూరంగా కూర్చుంటే అక్షరాలు చిన్నగా కనిపిస్తాయన్న మాట మాత్రం ఇప్పటికీ గుర్తుంచుకోవాల్సిందే.

లూట్ పిచ్చి ఉన్న గ్యాంగ్‌కి

మీ దగ్గర పీఎస్4 గానీ పీఎస్5 గానీ ఉంటే ఏలియనేషన్ చూడండి. ఫిన్లాండ్ స్టూడియో హౌస్‌మార్క్ 2016 ఏప్రిల్‌లో తెచ్చింది. నగరం లేదు, సైబర్‌పంక్ లేదు. భూమిని ఆక్రమించిన గ్రహాంతర జీవులు, వాటిని ఊడ్చేసే నలుగురు సైనికులు. అయినా ది అసెంట్ ఆడి లూట్ చాల్లేదు అన్నవాళ్ళకి నేను ముందు చెప్పే పేరు ఇదే. ఇందులో తుపాకీ రాలిందంటే దాని అంకెలు వేరే, రంగు వేరే. అక్కర్లేనివి కరిగించి ఆ సామగ్రితో నచ్చిన తుపాకీ అంకెలు మళ్ళీ తిప్పించుకోవచ్చు. కథ ముగిశాక కష్టం పెరుగుతుంది, లూట్ కూడా పెరుగుతుంది, ఆట నిజంగా అక్కడే మొదలవుతుంది.

పాత్రలు మూడే. ట్యాంక్ అడ్డుగోడ వేసి అందరినీ కాపాడతాడు, బయో-స్పెషలిస్ట్ గాయాలు మాన్పుతాడు, సాబొటార్ కనిపించకుండా దూరిపోతాడు. ముగ్గురు ముగ్గురూ వేరే పని చేస్తారు కాబట్టి నువ్వేం చేస్తున్నావని ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు. రీలోడ్ సమయంలో తెర మీద కదిలే గీత సరైన చోట ఉండగా మళ్ళీ నొక్కితే వెంటనే నిండుతుంది. ఆ లయ చేతికి అలవాటయ్యాక వేరే ఆటలో రీలోడ్ చేస్తున్నా వేలు దానంతటదే నొక్కుతుంది. లోపం ఒక్కటే, ఇది ప్లేస్టేషన్ దాటి బయటికి రాలేదు. గ్యాంగ్‌లో ఒక్కడు పీసీ మీదే ఆడతానంటే కుదరదు.

కలిసి ఆడటమే ముఖ్యమైతే

ఇక్కడ నా ఓటు హెల్‌డైవర్స్‌కి. స్టాక్‌హోమ్‌లోని యారోహెడ్ స్టూడియో 2015 మార్చిలో ప్లేస్టేషన్‌కి, ఆ ఏడాది డిసెంబరులో పీసీకి ఇచ్చింది. కొనేటప్పుడు ఒక జాగ్రత్త. 2024లో వచ్చి అందరి నోళ్ళలో నానిన హెల్‌డైవర్స్ 2 వీపు వెనక కెమెరాతో నడిచే వేరే ఆట. పై నుంచి చూసేది మొదటిదే.

లూట్ దాదాపు లేదు. మిషన్లు చిన్నవి, దిగామా, పని చేశామా, ఓడ వచ్చేదాకా నిలబడ్డామా అన్నట్టుంటాయి. పనులైపోయి పడుకునే ముందు ఒకటి రెండు ఆడదామనుకునే ఉద్యోగస్తుల గ్యాంగ్‌కి ఇది ది అసెంట్ కన్నా ఎంతో సుఖం. నిన్న ఎక్కడ ఆపాం, ఏ మిషన్ మిగిలింది అన్న గొడవ ఉండదు. ఒకరు రాకపోయినా కథ ఆగదు.

ఇందులో మీ గుళ్ళు మీ స్నేహితుణ్ణి కూడా చంపుతాయి. ఈ నియమాన్ని ఆపేసే వీల్లేదు, ఆపకూడదు కూడా. ఆయుధం కావాలంటే బాణం గుర్తుల కోడ్ ఒకటి నొక్కాలి, పైనా కిందా ఎడమా కుడీ అంటూ, అదీ పురుగుల్లాంటి శత్రువులు మీద పడుతుండగా. కోడ్ సరిగ్గా కొడితే ఆకాశం నుంచి పెట్టె దిగుతుంది. అది దిగే చోట నిలబడితే మీరు దాని కింద నలిగిపోతారు. చచ్చిపోయినవాణ్ణి మళ్ళీ పిలవాలన్నా ఇదే పద్ధతి, వాడు దిగే గొట్టం కిందా ఎవరో ఒకరు నలుగుతారు. పక్కవాణ్ణి గమనించకుండా ఎవరి ఆట వాళ్ళు ఆడితే రెండో నిమిషానికే జట్టు మొత్తం పోతుంది. అందుకే పది నిమిషాల్లో అందరూ మాట్లాడటం మొదలుపెడతారు. వెనక్కి రా, నేను కోడ్ కొడుతున్నా, ఎడమవైపు చూడు. ది అసెంట్‌లో నలుగురు పక్కపక్కన కాలుస్తారు. హెల్‌డైవర్స్‌లో నలుగురూ ఒకరి మీద ఒకరు ఆధారపడతారు. ఆన్‌లైన్‌లో కూడా తెర అందరికీ ఒకటే, ఎవరూ విడిపోయి వెళ్ళలేరు. ది అసెంట్‌లో ఆ ఉమ్మడి తెర చిరాకు తెప్పిస్తే, ఇక్కడ అదే ఆటకి ప్రాణం.

శత్రువుల్లో సైబోర్గులనే వర్గం ఉంది కాబట్టి లోహం, రక్తం కలిసిన మనుషుల రుచి కొంత దొరుకుతుంది. నియాన్ వీధులు మాత్రం ఆశించకండి. ఇంకో మాట, గ్యాంగ్‌లో పొరపాటున గుండు తగిలితే మనసులో పెట్టుకునే మనిషి ఉంటే ఈ ఆట వద్దు. స్నేహం పాడు చేసుకునేంత విలువ ఏ ఆటకీ లేదు.

ఇద్దరే ఉంటే

సింథెటిక్: లీజన్ రైజింగ్ 2018లో వచ్చింది, చేసింది జర్మనీ జట్టు ఫ్లో ఫైర్ గేమ్స్. శత్రువులు రోబోలు, వాతావరణం చల్లగా, లోహంగా ఉంటుంది. సైబర్‌పంక్ మనసుకి ఇది దగ్గరే. కో-ఆప్ ఇద్దరికే. చచ్చిపోతే ఆ ఆట అక్కడితో సరి, మళ్ళీ మొదటి నుంచి.

తుపాకీని ఇంత శ్రద్ధగా చూసిన పై-చూపు ఆట నేను ఇంకోటి చూడలేదు. మ్యాగజీన్ బయటికి తియ్యడానికి ఒక మీట, కొత్తది పెట్టడానికి ఇంకో మీట. సగం గుళ్ళు మిగిలుండగా తీసేస్తే ఆ గుళ్ళు పోయినట్టే. తుపాకీ వేడెక్కుతుంది, కొన్నిసార్లు జామ్ అవుతుంది, అప్పుడు మీట టకటకా నొక్కి వదిలించాలి. పరిగెడుతూ కాలిస్తే గురి చెదిరిపోతుంది, ఆగి తలకి గురిపెడితే శత్రువుకి తగిలే దెబ్బ పెరుగుతుంది. మొదటి సాయంత్రం ఓడిపోవడమే ఉంటుంది. ఓడిన ప్రతిసారీ ఎందుకు ఓడామో స్పష్టంగా తెలుస్తుంది కాబట్టి విసుగు రాదు. ఒకే గదిలో ఉండే అన్నదమ్ములకో, రోజూ ఆన్‌లైన్‌లో కలిసే ఇద్దరు స్నేహితులకో ఇది బాగా కుదురుతుంది. నగరం, కథ, తీరిగ్గా తిరగడం కావాలంటే మాత్రం ది అసెంట్‌కే వెళ్ళాలి.

పాత ల్యాప్‌టాప్, ఖాళీ జేబు

ఈ ప్రశ్న కాలేజీ పిల్లల నుంచి ఎక్కువ వస్తుంది. హాస్టల్లో నలుగురు, నలుగురి దగ్గరా నాలుగు రకాల ల్యాప్‌టాప్‌లు, వాటిలో ఒకదానికి గ్రాఫిక్స్ కార్డే లేదు. ది అసెంట్ అందంగా ఉంది కాబట్టే బరువుగా కూడా ఉంది. గ్రాఫిక్స్ తగ్గించుకుంటూ పోతే ఆట నడవొచ్చు, కానీ దేని కోసమైతే కొన్నారో ఆ నగరమే మసకబారుతుంది.

వీళ్ళకి ఏలియన్ స్వార్మ్: రియాక్టివ్ డ్రాప్. పీసీ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో ఉచితం. దీని చరిత్ర కూడా చెప్పుకోదగ్గది. ఒక పాత షూటర్‌కి మాడ్‌గా, అంటే దాన్ని మార్చి చేసిన ఆటగా పుట్టింది. ఆ మాడ్ చేసిన జట్టుని స్టీమ్ నడిపే కంపెనీ వాల్వ్ పనిలోకి తీసుకుంది. 2010లో వాల్వే దాన్ని నలుగురి ఆటగా ఉచితంగా ఇచ్చింది. అభిమానులు దాన్ని పట్టుకుని పెంచి 2017లో రియాక్టివ్ డ్రాప్‌గా విడుదల చేశారు. దీంట్లో ఎనిమిది మంది దాకా ఆడొచ్చు. ఆటని నడిపే సాఫ్ట్‌వేర్ పాత సోర్స్ ఇంజిన్ కాబట్టి పాత యంత్రాల మీద కూడా తేలిగ్గా నడుస్తుంది.

జట్టులో ఆఫీసర్, స్పెషల్ వెపన్స్, మెడిక్, టెక్ అని నాలుగు రకాల పాత్రలుంటాయి. తాళం పడ్డ తలుపు తెరవాలంటే టెక్ కూర్చుని హ్యాక్ చెయ్యాలి, అంతసేపూ మిగతావాళ్ళు వాడి చుట్టూ నిలబడి కాపలా కాయాలి. వెనక తలుపుని వెల్డింగ్ చేసి మూసెయ్యొచ్చు, జీవులు దాన్ని బద్దలుకొట్టేలోగా ఊపిరి తీసుకోవచ్చు. ఇక్కడా గుళ్ళు మనవాళ్ళకి తగులుతాయి. చూడ్డానికి పాతగా ఉంది, నిజమే. కానీ టెక్ పడిపోయి తలుపు సగంలో ఆగిపోయినప్పుడు పుట్టే టెన్షన్‌కి కొత్త గ్రాఫిక్స్‌తో పని లేదు. ది అసెంట్ కొనాలనుకునే గ్యాంగ్ కూడా ముందు దీన్ని ఒక వారాంతం ఆడితే మంచిది. పై నుంచి చూస్తూ కలిసి కాల్చడం మీకు అసలు నచ్చుతుందో లేదో రూపాయి ఖర్చు లేకుండా తెలిసిపోతుంది.

పేరు విని పొరపడకండి

ఈ రకం ఆట అడిగితే రూయినర్ పేరు కూడా తరచూ వినిపిస్తుంది. వార్సాకి చెందిన రైకాన్ గేమ్స్ 2017లో చేసింది. కథ 2091లో రెంగ్‌కోక్ అనే నగరంలో నడుస్తుంది. తెరంతా ఎరుపు, కంటికి అందనంత వేగం, గొప్ప ఆట. కానీ ఒక్కరే ఆడాలి. సైబర్‌పంక్ 2077 కూడా అంతే, కో-ఆప్ లేదు, కెమెరా కూడా కళ్ళలోంచి. స్నేహితులతో ఆడదామని ఈ రెండింట్లో ఏది కొన్నా డబ్బు వృథా. ఒంటరిగా ఆడేవాళ్ళయితే మాత్రం రూయినర్‌ని ది అసెంట్ కన్నా ముందు చూడమంటాను. ది అసెంట్‌ని ఒంటరిగా ఆడితే ఆ నడక అంతా మీ ఒక్కరి నెత్తినే పడుతుంది.

కొనే ముందు చూసుకోవాల్సినవి

అందరూ ఒకే దుకాణంలో కొనండి. ఒకరు స్టీమ్‌లో, ఒకరు మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో, ఒకరు ప్లేస్టేషన్‌లో కొని తర్వాత కలవలేక ఇబ్బంది పడటం ఇలాంటి ఆటల్లో జరిగేదే. ది అసెంట్ విడుదల రోజే గేమ్ పాస్‌లోకి వచ్చింది, అయితే ఆ జాబితా నెలనెలా మారుతుంది. సభ్యత్వం కట్టే ముందు ఆట ఉందో లేదో చూసుకోండి. స్టీమ్‌లో అయితే పండగ సేల్స్ దాకా ఆగండి, పూర్తి ధర పెట్టేంత తొందర ఈ ఆటల్లో దేనికీ లేదు.

ది అసెంట్‌కి కంట్రోలర్ ఉంటే మేలు. మౌస్‌తో గురి వేగంగా కుదురుతుంది నిజమే, కానీ తుపాకీ లేపడం, వంగడం, దొర్లడం అన్నీ కలిపి చెయ్యడానికి ట్రిగ్గర్లే సుఖం. సింథెటిక్, రియాక్టివ్ డ్రాప్ మాత్రం మౌస్‌తోనే. ది అసెంట్‌ని హార్డ్ డిస్క్ మీద కాకుండా ఎస్ఎస్‌డీ మీద పెట్టండి, అంత పెద్ద నగరం లోడ్ అవ్వాలి కదా.

మన గ్యాంగ్‌లు ఈ రోజుల్లో ఒక ఊళ్ళో ఉండవు. ఒకడు హైదరాబాద్‌లో, ఒకడు విశాఖలో, ఇంకొకడు డాలస్‌లో. ఇక్కడ శనివారం రాత్రి అయితే అక్కడ శనివారం ఉదయం, అదొక్కటే అందరికీ కుదిరే వేళ. ఇద్దరు ఇక్కడ, ఒకడు అక్కడ ఉంటే ఇక్కడివాళ్ళలో నెట్ బాగున్నవాడే హోస్ట్ అవ్వాలి, అంటే ఆట తెరిచి మిగతావాళ్ళని పిలవాలి, అప్పుడు ల్యాగ్ అనే ఆలస్యం ఒక్కడికే పరిమితమవుతుంది. ది అసెంట్‌లో అయితే వారం వారం హోస్ట్‌ని మార్చకండి కూడా. మీ పాత్ర, స్థాయి, సామాను మీతో వస్తాయి గానీ కథ నడిచేది హోస్ట్ ఆటలో. హెల్‌డైవర్స్ లాంటి చిన్న మిషన్ల ఆటలో ఈ బాధ తక్కువ, విదేశాల్లో చెదిరిపోయిన గ్యాంగ్‌కి దాన్ని చెప్పడానికి ఇదీ ఒక కారణం.

స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం 2 గంటల్లోపు ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. ఆ రెండు గంటలు ఒంటరిగా ఖర్చు పెట్టకండి. నలుగురూ ఒకే సాయంత్రం కొని, ఒకేసారి లోపలికి వెళ్ళి, కనెక్షన్ నిలుస్తోందా, అక్షరాలు కనిపిస్తున్నాయా, ఎవరి ల్యాప్‌టాప్ అయినా మొరాయిస్తోందా అని చూడండి. ఆ గడువులోగా ఒక్కడి దగ్గరైనా ఆట సరిగ్గా నడవకపోతే, మిగతా ముగ్గురికి ఎంత నచ్చినా అందరూ రిఫండ్ పెట్టి రియాక్టివ్ డ్రాప్‌కి వెళ్ళండి.